కప్తాను మిద్దె వాలు

పెన్నేటిమిట్ట గ్రామము,
జమ్మలమడుగు తాలూకా, కడప జిల్లా.
తేది 9-10-1958.

శ్రీయుత డివిజనల్ ఆఫీసరు వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా కప్తాను మిద్దెను పదిహేను దినములలో కూల్చవలెనని వచ్చిన నోటీసు రద్దు చేయుట గురించి.

పై గ్రామ కాపురస్తురాలు, కప్తాను నూరుల్లా గారి మనుమరాలు గులాబ్‌బీ, వయస్సు 61, చేసుకొను విన్నపము ఏమనగా:

1. మా తాత నూరుల్లా మద్రాసు రేవు నుండి రంగూనుకు తెరచాప ఓడ నడిపిన కప్తాను. ముప్పై ఏండ్లు సముద్రము మీదనే గడిపిరి. మా జేజి షాహీదాబీ "నీ ఓడ నేనెక్కను, నువ్వే ఇంటికి రా" అని ఒకటే పట్టు. వచ్చిరి గానీ వట్టి చేతులతో రాలేదు. పాతబడి విప్పేసిన తన ఓడ టేకు చెక్కలు, తెరచాప స్తంభము ఎడ్ల బండ్ల మీద తెచ్చి ఈ ఇల్లు కట్టిరి. సముద్రము ఎట్లుండునో ఎరుగని ఊరిలో జనము నవ్విరట. నవ్వనీ.

2. పాత ఇండ్ల తనిఖీకి మా ఊరిలో మకాం పెట్టిన ఓవర్సీరు శివరామయ్య గారు గత నెల మా ఇంట నట్టనడుమ నేల మీద నిమ్మకాయ పెట్టిరి. అది గోడ వైపు దొర్లినది. "చూశారా, నేల కుంగిపోయిందండీ" అని రాసుకొనిరి. కుంగలేదు. ఓడ పైతట్టు నడుమ ఎత్తుగా, రెండు ప్రక్కలకు వాలుగా ఉండును, పడిన నీరు నిలవకుండా పోవుటకు. మా తాతకు తెలిసిన కట్టడము అదొక్కటే. కాబట్టి నేలను, పైకప్పును రెంటినీ అట్లే కట్టిరి. ఈ సంగతి చెప్పబోతే "మీకు తెలీదు, ఊరుకోండమ్మా" అనిరి. పుట్టినది మొదలు ఆ నేల మీద నడిచిన నాకు తెలియదట! (అర్జీ రాసే పెద్దన్న ఈ వాక్యము వద్దనెను. నేను రాయమంటిని.)

3. చెక్కల నడుమ నల్లటి గీతలు చూచి "పగుళ్లను తారు పూసి దాచినారు" అని నోటీసులో ఉన్నది. ప్రతి ఏడు తొలకరికి ముందు జనపనారను తారులో ముంచి ఆ సందులలో ఉలితో దట్టించుట మా ఇంటి ఆనవాయితీ. ఓడవారి పద్ధతి. ఊరందరూ వాన కారకుండా మిద్దెల మీదికి చవుడు మన్ను ఎత్తుకొను దినములలో మా ఇంట తారు కాగును. నా పెండ్లి చీరకు కూడా ఆ మరక ఉన్నది. దాచుట అనే పని మా వంశములో లేదు.

4. ఇంటి నడుమ నాటి, పైకప్పు దాటి పైకి నిలిచిన ఆ తెరచాప స్తంభము "పనికిరాని దుంగ" అట. నా పెండ్లి అయిన ఏడు పెన్న ఊరిలోకి వచ్చినప్పుడు నలభై మంది మా పైకప్పు ఎక్కి, ఆ దుంగకు కట్టిన మోకు పట్టుకొని రెండు దినములు బ్రతికిరి. గొర్రెల వీరన్న అప్పుడు చంకబిడ్డ. నోటీసు గోడకు అంటించిన నాడు ఆయనే వచ్చి, "ఏందప్పా ఓవర్సీరూ, మా యమ్మ నన్నెత్తుకోని ఈ దుంగనే పట్టుకోని ఉన్యాది. దీన్ని కొట్టేస్తావా? మొదలు నన్ను కొట్టు" అనెను. ఓవర్సీరు గారు గొడుగు తీసుకొని వెళ్లిపోయిరి.

కావున తమరు స్వయముగా వచ్చి చూడవలెను. నిమ్మకాయ వద్దు. ఒక బిందె నీళ్లు పైకప్పు మీద పోసి చూడుడు. ఒక్క చుక్క లోపలికి కారినా గడ్డపార నేనే తెచ్చి ఇచ్చెదను. కారనిచో గడ్డపార పట్టిన వాడిని గడప దాటనియ్యను. ఇది బెదిరింపు కింద వచ్చునని పెద్దన్న అంటున్నాడు. బెదిరింపే. చిత్తగించవలెను.

ఈ ఒక్క విషయములో తప్ప
తమ విధేయురాలు,
గులాబ్‌బీ (వేలిముద్ర)

తా.క.: అర్జీ టపాలో వేయకముందే ముసురు పట్టినది. మూడు దినములుగా విడువని వాన. ఓవర్సీరు గారు బాడుగకున్న మిద్దె కారి, ఆయన భార్య నిర్మలమ్మ ఇద్దరు బిడ్డలతో మా ఇంట దిగినది. పరుపు ఓవర్సీరు గారే నెత్తిన పెట్టుకొని తెచ్చిరి. "ఎక్కడ వెయ్యమంటారండీ" అని అడిగిరి. "నట్టనడుమ ఏసుకోప్పా, పక్కకేస్తే దొర్లుతావు" అంటిని. నోటీసు గడువు ఇంకా నాలుగు దినములే ఉన్నదని గుర్తు చేస్తిని. ఆయన పరుపును నట్టనడుమకు జరిపిరి. నిర్మలమ్మ ఆయన వైపు ఒకసారి చూసి, పెద్దన్న చేతిలోని కలము తీసుకొని ఈ క్రింద సంతకము చేసినది.

సాక్షి: నిర్మలమ్మ, ఓవర్సీరు శివరామయ్య గారి భార్య.