నా బరువంత బెల్లం

పాలకుర్తి,
11-12-2009.

మా ఇంటి వెలుగు సుజాతకు, బాపు సోమనర్సయ్య పట్టలేని సంతోషంతో దీవించి రాస్తున్న ఉత్తరం.

తెలంగాణ వచ్చింది బిడ్డా! ఫోన్ చేద్దామంటే నాకు సగం మాటలే వినపడతాయి, మిగతా సగం వినేలోపల కన్నదాన్ని నేనంటూ మీ అవ్వ ఫోన్ లాక్కుంటుంది. అందుకే కాయితం పట్టాను.

హన్మకొండ దవాఖానలో డాక్టర్ అన్న మాట నీకు యాదికుంది కదా. "ఎనభై ఆరు కిలోలున్నవ్ పెద్దమనిషీ. ఎనభై ఒకటికి దిగితెనే హెర్నియా ఆపరేషన్ చేస్త. గిట్లనే ఊకుంటె పేగు చిక్కుకుంటది, పానం మీదికొస్తది" అన్నాడు. నువ్వు ఏడుస్తుంటే చూడలేక, తెలంగాణ వచ్చేదాకా తీపి ముట్టనని నీ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. పదకొండు రోజులు నిలబడ్డాను. మిఠాయి హీరాలాల్ దుకాణం ముందు మొహం అటు తిప్పుకుని నడుస్తూ ఒకనాడు బర్రెకు గుద్దుకున్నాను. బర్రె కూడా నన్ను జాలిగానే చూసింది.

నిన్న పొద్దున లేచేసరికి ఊరంతా డప్పులు. ఢిల్లీలో ప్రకటన చేశారంట. హీరాలాల్ పళ్ళెం పట్టుకుని రోడ్డు మీదికొచ్చి, "తీస్కో కాకా, ఇయ్యాల పైసల్లేవ్!" అన్నాడు. ఒట్టు తీరింది కదా, తిన్నాను. లడ్డూలు మూడు. జిలేబీలు ఎన్నో నాకూ తెలియదు, చుట్టలు చుట్టలుగా ఉంటే ఎక్కడ మొదలో ఎక్కడ చివరో ఎవరికి తెలుస్తుంది?

నోట్లో పాకం ఆరకముందే ముగిస్తూ,
మీ బాపు.

తా.క.: పత్తి తూచే కాంటా ఎక్కి చూశాను. ఎనభై ఏడు చూపించింది. తెలంగాణ వచ్చిన సంతోషంలో కాంటా కూడా పొంగినట్టుంది.

*

భూపాలపల్లి,
16-12-2009.

ప్రేమ, కోపం సమానంగా కలిపి బాపుకు సుజాత పెట్టే దండాలు.

బాపూ, ప్రకటన చేస్తే రాష్ట్రం వచ్చినట్టేనా? సంబంధం ఖాయమైన నాడే పిల్లను అత్తగారింటికి తోలుతారా? నీ ఒట్టు ఇంకా నా నెత్తి మీదే ఉంది. ఫిబ్రవరి పదో తారీఖున డాక్టర్ మళ్ళీ తూకం చూస్తాడు. ఆనాడు ఎనభై ఒకటి కాకపోతే ఏమవుతుందో తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. డాక్టర్ ఆ మాట చెప్పిన రోజే సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నాను. "తల్లీ, మా బాపు పానం మంచిగ చూడు, జాతరకొచ్చి నిలువెత్తు బంగారం ఇస్త" అని. జనవరి ఆఖరులోనే జాతర. ఆ తల్లులకు బెల్లమే బంగారం కదా, మేడారంలో నిన్ను తక్కెడలో కూర్చోబెట్టి, నీ బరువంత బెల్లం తూచి ఇద్దాం. అప్పటిదాకా తీపి జోలికి పోకు.

నీ మీదే పానం పెట్టుకున్న,
సుజాత.

తా.క.: నీ అల్లుడు గణపతి బొగ్గుబాయి నుంచి వస్తూ కిలో లడ్డూలు తెచ్చాడు. నీ మీది కోపంతో అన్నీ నేనే తిన్నాను.

*

పాలకుర్తి,
26-12-2009.

తండ్రి కోసం నిలువెత్తు బంగారం మొక్కిన నా తల్లికి, బాపు ఆనందబాష్పాలతో రాస్తున్నది. (కింద అక్షరాలు అలుక్కుపోతే అవి ఆ బాష్పాలే.)

నీ ఉత్తరం చదివి రెండుసార్లు ఏడ్చాను. మీ అవ్వకు చదివి వినిపిస్తూ మూడోసారి ఏడ్చాను. పక్కింటి బుచ్చమ్మకు చెప్తే, "నా ముగ్గురు కొడుకులు నాకు బెల్లం ముక్క మొక్కలే" అని ఆమె ఏడ్చింది. ఎంత పుణ్యం చేసుకుంటే ఇటువంటి బిడ్డ పుడుతుంది!

నువ్వన్నట్టే అయింది. మొన్న ఇరవై మూడున ఢిల్లీ వాళ్ళు మాట మార్చారు. "వాళ్ళు మాట వాపసు తీసుకున్నరు. నేను తిన్న లడ్డూలు ఎట్ల వాపసియ్యాలెరా?" అని హీరాలాల్‌ను అడిగాను. "నాకైతె వద్దు కాకా" అన్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు. నువ్వు మొక్కిన రోజున నా బరువు ఎనభై ఆరు. అంటే తల్లులకు ఎనభై ఆరు కిలోలు మాటిచ్చినట్టే కదా! నేను ఈలోపల తగ్గితే ఐదారు కిలోల బెల్లం దేవతలకు ఎగ్గొట్టినట్టు కాదా? ఒట్టు నీ నెత్తి మీద ఉంది, మొక్కు తల్లుల దగ్గర ఉంది. తల్లులు పెద్దవాళ్ళు. అందుకని జాతర దాకా బరువు జారిపోకుండా చూసుకుంటున్నాను. రోజూ నువ్వులుండలు, చేతులు జోడించి తింటున్నాను.

"దేవుని పేరు చెప్పి దేవునికన్న ఎక్వ తింటున్నవ్" అంటుంది మీ అవ్వ యాకమ్మ. "తల్లుల సొమ్ముకు కావలి కాస్తున్ననే" అన్నాను. డబ్బా అటక మీద పెట్టింది. నిచ్చెన మన ఇంట్లోనే ఉంది.

భక్తితో, బరువుతో,
మీ బాపు.

తా.క.: ఎనభై ఎనిమిదికి చేరాను. ఎక్కువైన రెండు కిలోలు తల్లులకు నా సొంత కానుక.

*

భూపాలపల్లి,
3-1-2010.

బాపుకు, నవ్వాలో ఏడవాలో తెలియని సుజాత దండాలు.

తల్లులకు కావలసింది నువ్వు చల్లగా ఉండడం, నీ పొట్ట కాదు. జాతర అయినాక పది రోజుల్లో ఏడు కిలోలు ఎట్లా తగ్గుతావు? ఇంత చెప్పినా నువ్వు వినవని తెలుసు. అందుకే ఇంకో మాట చెప్పక తప్పడం లేదు.

మేడారంలో ఆ జనంలోంచి బెల్లం బుట్టలు నెత్తిన పెట్టుకుని తల్లులుండే గద్దెల దాకా మోయవలసింది నీ అల్లుడే. బాయిలో పని చేసి చేసి ఆయనకు నడుము పట్టేసింది. వంగితే లేవలేకపోతున్నాడు. నువ్వెంత బరువుంటే ఆయనకు అంత మోత.

సెలవు,
సుజాత.

తా.క.: ఆయన పైకి ఏమీ అనడు. నీకు తెలుసుగా, నువ్వంటే ఆయనకు ఎంత మర్యాదో.

*

పాలకుర్తి,
12-1-2010.

చిట్టితల్లికి, సిగ్గుతో తల వంచుకుని బాపు రాస్తున్నది.

ఎంత పని చేశాను బిడ్డా! తిన్న ప్రతి నువ్వులుండా తీసుకుపోయి అల్లుడి నెత్తిన పెట్టానే! నీ ఉత్తరం చదవగానే డబ్బా బుచ్చమ్మకు ఇచ్చేశాను. ఎందుకిస్తున్నానో కూడా అడగలేదామె, తలుపేసుకుంది.

ఊళ్ళో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. రోజుకొక సంఘం వాళ్ళు పొద్దంతా ఉపవాసం కూర్చుంటారు. ప్రతి సంఘానికీ ఒక మనిషి తక్కువే పడుతున్నాడు, ఆ మనిషిని నేను. మొన్న ఆటో డ్రైవర్లతో, నిన్న పంతుళ్ళతో, ఇవాళ వకీళ్ళతో కూర్చున్నాను. వాళ్ళిచ్చిన నల్లకోటు పొట్ట దగ్గర అందలేదు, భుజాన వేసుకున్నాను. పొద్దున కూర్చున్నది తెలంగాణ కోసమే బిడ్డా, అబద్ధమెందుకు. మధ్యాహ్నం పేగులు అరిచినప్పుడు మాత్రం అల్లుడి నడుమును తలుచుకుంటున్నాను.

సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తారు. "నాకు చక్కెరొద్దు, ఉప్పెయ్యి" అన్నాను. "సోమనర్సన్న పట్టు చూసిన్రా, నిమ్మరసంల చక్కెర గూడ ముడ్తలేడు!" అని ఒకాయన దండ తెచ్చి వేశాడు. ఇంటికొచ్చి రెండు జొన్నరొట్టెలు, పప్పు. అంతే.

అల్లుడికి నువ్వుల నూనెతో నడుము రుద్దు. నా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు.

ఉప్పు నిమ్మరసంతో,
మీ బాపు.

తా.క.: టెంటు సరిగ్గా హీరాలాల్ దుకాణానికి ఎదురుగా వేశారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా నాది రెండు దీక్షల కింద లెక్క.

*

భూపాలపల్లి,
2-2-2010.

బాపు కాళ్ళు మొక్కి సుజాత రాయునది.

మేడారం నుంచి వచ్చిన కాన్నుంచి మనసు మనసులో లేదు. తక్కెడలో నువ్వు కూర్చుంటే, రెండో పళ్ళెంలో బెల్లం దిమ్మ మీద దిమ్మ పెట్టి తూస్తే, ఎనభైన్నర! "పెండ్లినాడు గూడ గింత తక్వ లేకుండె" అని అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా పానం కుదుటపడింది.

అంతలోనే నువ్వు ఆయన చేతిలోని బుట్ట గుంజుకుని, "నీ నడుమిరుగుతది అల్లుడా, నేను మోస్త జరుగు" అన్నావు. హెర్నియా పెట్టుకుని ఆ బరువు ఎత్తబోయావు! నేను కేకలు వేసి ఆపకపోతే ఏమయ్యేది? నేను రాసిన మాటే నిన్ను చంపేది.

బాపూ, ఆయనకు నడుము నొప్పి లేదు. ఏనాడూ లేదు. నువ్వు నీ కోసం తగ్గవని అబద్ధం రాశాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను. ఎంత తిట్టినా పడతాను. పదో తారీఖున మాత్రం డాక్టర్ దగ్గరికి పో.

తప్పు చేసిన,
సుజాత.

తా.క.: నీ అల్లుడు మూడు రోజులూ నీ ముందర నడుము పట్టుకుని వంగి నడిచాడు. ఇప్పుడు నిజంగానే పట్టేసింది.

*

హన్మకొండ,
17-2-2010.

నా బిడ్డ సుజాతకు, దవాఖాన మంచం మీద మూడు దిండ్లు ఆనుకుని, మహారాజులాగా బాపు రాస్తున్నది.

నువ్వు భయపడతావని దినం చెప్పలేదు గాని, నిన్న ఆపరేషన్ అయింది. మంచిగా అయింది! డాక్టర్ తూకం వేస్తే సరిగ్గా ఎనభై. ఇంకో నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తారంట. నువ్వు ఇక అన్నం తిను.

అల్లుడి నడుము సంగతి నాకు ముందే తెలుసు బిడ్డా. టెంటు ముచ్చట నీకు రాసిన నాలుగో రోజున జనగామలో రాస్తారోకో అంటే పోయాను. సింగరేణి కార్మికులు లారీ దిగారు. వాళ్ళలో ఒకడు డప్పు కొట్టుకుంటూ గజమెత్తు ఎగురుతున్నాడు. ఎవరా ఇంత హుషారైన మనిషని ముందుకు పోయి చూస్తే, మన గణపతి! జనంలో దాక్కుని వెనక్కి వచ్చేశాను.

కోపమొచ్చింది. నేరుగా హీరాలాల్ దుకాణానికి పోయి పావుకిలో జిలేబి కట్టించుకున్నాను. పొట్లం విప్పాను. అప్పుడు తట్టింది. బడి ఎగ్గొట్టిన నాడు కూడా నా ముందర నిలబడి నిజమే చెప్పిన పిల్ల, నా బిడ్డ. అది నాకు అబద్ధం రాసిందంటే ఎంత బుగులు పడి ఉండాలి! నేను చచ్చిపోతానని ఎన్ని రోజులు కుమిలి ఉండాలి! చేయి ముందుకు పోలేదు. "ఏంది కాకా, మంచిగ లెవ్వా?" అన్నాడు హీరాలాల్. "మంచిగనే ఉన్నయి. నేనే మంచిగ లేకుంటి" అని పొట్లం అక్కడే పెట్టి, మళ్ళీ టెంటులో కూర్చున్నాను.

మేడారంలో బుట్ట గుంజుకున్నది ఎత్తడానికి కాదు. నిజం ఎప్పుడు చెప్తావో చూద్దామని. నువ్వు కేక వేశావు గాని చెప్పలేదు, మొండిదానివి. తిట్టుమన్నావు కదా, ఇదే తిట్టు.

నువ్వు మొక్కిన బరువంతా దిగి, తేలికైపోయిన,
మీ బాపు.

తా.క.: "ఏం మందు వాడినవ్ పెద్దమనిషీ, గిన్ని దినాలల్ల ఇంత దిగినవ్?" అని డాక్టర్ అడిగాడు. "నా బిడ్డ ఒక అబద్ధం రాసి పంపింది సారూ" అన్నాను. "నా కాడ ఇంకిద్దరు పేషెంట్లున్నరు, వాళ్ళకు గూడ చెరొకటి రాసియ్యమను" అన్నాడు.