మధ్య కుర్చీ

రోమ్,
సెప్టెంబరు 1953

అమ్మకు,

మన ఊళ్లో, మన ఊరివాళ్ల చేతే వేషాలు కట్టించి తీసిన నవ్వుల సినిమా తయారైంది. దర్శకత్వం కింద తవెర్నీ గారి పేరొక్కటే వేశారు. రెండో రోజే ఆయన జ్వరంతో సత్రంలో పడిపోతే, మిగిలిందంతా నేనే తీశానని నీకు తెలుసు. "నీ పేరు చూసి టికెట్ కొనేదెవడయ్యా?" అన్నాడు నిర్మాత. నేను సహాయకుడిగానే పనిచేశానని రాసిమ్మన్నాడు. ఇస్తే వచ్చే సినిమాలో పని ఉంటుంది, లేకపోతే లేదు. నెలాఖరుకు సంతకం పెట్టేస్తాను. ఆదివారం ఊళ్లో బొమ్మ వేస్తారట. నేను రాను. అడిగినవాళ్లకు ఒంట్లో బాగాలేదని చెప్పు.

నీ క్విరీనో


రొక్కపియానా,
సోమవారం

నాన్నా క్విరీనో,

ఒంట్లో బాగాలేదని చెప్పలేదు. పనిలో ఉన్నాడన్నాను.

చర్చి ముందు తెర కట్టారు. తవెర్నీ గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మాటలు రోమ్‌లో వేరేవాళ్ల చేత చెప్పించారు కదా, నా నోట్లోంచి ఎవరో దొరసాని గొంతు వచ్చింది. తీసేటప్పుడు నువ్వు మాకు వేసిన కేకలు ఒక్కటీ లేవు. అయినా తెర మీద మేము తల తిప్పినప్పుడల్లా నువ్వు నిలబడ్డ నీళ్లతొట్టి వైపే తిప్పాం. "అదిగో, క్విరీనో అరిచాడు!" అని జనం ఒకటే గోల. సినిమాలో పెళ్లి భోజనం దగ్గర "అమ్మా, నవ్వకు!" అని నువ్వు అరిస్తే నేను ఇంకా నవ్వానే, ఆ నవ్వు అలాగే ఉంది.

బొమ్మ అయ్యాక అస్సుంత అవ్వ తవెర్నీ గారి దగ్గరికి వెళ్లింది. "తమరు ఏ వేషం కట్టారు నాయనా? ఎంత వెతికినా కనబడలేదు" అంది.

మేయరు మొహం మాడిపోయింది. "నోరు మూసుకో అవ్వా, ఆయన దర్శకుడు!"

"మరి మా క్విరీనో ఎవడు? ఎండలో నా చేత పొద్దస్తమానం ఆ మేకను నడిపించింది వాడేగా!"

తవెర్నీ గారు టోపీ తీశారు. "జ్వరం వచ్చినవాడి వేషం నాది, అమ్మా. సత్రం గదిలో" అన్నారు. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఫోటోకు ఆయన కోసం మధ్యలో కుర్చీ వేశారు. ఆయన అందులో కూర్చోకుండా పక్కన నిలబడ్డారు. వెళ్లేటప్పుడు నాతో, "ఆ కాగితం రాసివ్వొద్దని మీవాడికి చెప్పండి. దాని మీద నా సంతకం కూడా అడిగారు. నేను పెట్టను" అన్నారు.

ఆయన మాట మీద నిలబడతారో లేదో నాకు తెలియదు. నువ్వు మాత్రం పెట్టకు. పని దొరక్కపోతే ఇంటికి రా, గొర్రెలున్నాయి.

ఫోటో పొగాకు కొట్లో తగిలించారు. ఆ ఖాళీ కుర్చీ ఎవరిదని కొత్తవాళ్లు అడుగుతున్నారు. చెప్పడానికి రోజూ ఏదో ఒక పని కల్పించుకుని అటే వెళ్తున్నాను.

మీ అమ్మ
ఎర్సీలియా