మూడు రోజుల సొరుగు

మార్చి 3, సోమవారం. సాయంత్రం 5

పోలీస్ కంట్రోల్ రూమ్ అమ్మాయి రాజీనామా తెచ్చింది. ఆరేళ్ల సర్వీసు. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే పలికే గొంతుల్లో ఒకటి తనది. ఈ ఏడాది ఇది ఏడో రాజీనామా. మా సెక్షన్‌లో ఉన్నవాళ్ల ఫైళ్లకంటే పోయినవాళ్ల ఫైళ్లే లావెక్కుతున్నాయి.

ఎందుకమ్మా అని అడిగాను. పోయిన నెల ఒక చిన్నపిల్ల ఫోన్ చేసిందట, అమ్మ లేవడం లేదని. ఊరంతటికీ రెండే పెట్రోలింగ్ కార్లు, ఒకదానికి డ్రైవరు లేడు. కారు వెళ్లేసరికి నలభై నిమిషాలు. అంతసేపూ ఆ పిల్లతో మాట్లాడుతూనే ఉందట. అప్పటినుంచి ఇంట్లో తలుపు గంట మోగినా చెప్పండి ఎక్కడున్నారు అంటున్నానక్కా, అంది. వేరే ఊళ్లో వాళ్లక్కకు మొక్కల నర్సరీ ఉందట. అక్కడికి వెళ్లిపోతుందట. మొక్కలు ఫోన్లు చెయ్యవు కదా అని నవ్వింది.

కాగితం తీసుకున్నాను. వచ్చిన కాగితాలకు నంబరు వేసే ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించలేదు, మధ్య సొరుగులో పెట్టాను. పదకొండేళ్లుగా ఇది నా అలవాటు. ఒకసారి నంబరు పడితే వెనక్కి తీసుకోవడం కుదరదు. అందుకే మూడు రోజులు ఆగుతాను. వేడి చల్లారుతుంది. ఇప్పటికి తొమ్మిది మంది, అక్కా ఆ కాగితం ఇంకా ఉందా, అని నసుగుతూ వచ్చి పట్టుకెళ్లారు. అందులో ఒకాయన ఇప్పుడు ఇన్‌స్పెక్టర్. సెల్యూట్ కొట్టాల్సింది నేను, కొట్టేది ఆయన.

మార్చి 4

రాలేదు. రేపు వస్తుందిలే.

మార్చి 5, బుధవారం

అందరం టీవీ ముందే. పోలీసుల్ని చేర్చుకోవడానికి, చేరినవాళ్లని నిలబెట్టుకోవడానికి తెచ్చిన బిల్లు సభలో పాసైంది. చేరే వయసు పెంచారు. వారానికో సెలవు, క్వార్టర్లు, పిల్లల్ని చూసుకునే గది. గేటు దగ్గరి సెంట్రీ అయితే, ఇక మా అబ్బాయి నన్ను అంకుల్ అనడం మానేస్తాడు, అన్నాడు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

మార్చి 6, గురువారం

రాత్రికి రాత్రే సంతకాలైపోయాయట, చట్టం ఈ ఉదయం నుంచే అమలు. సూపరింటెండెంట్ పైకి చదివి వినిపించాడు. పద్నాలుగో క్లాజు దగ్గర ఆగి, మళ్లీ చదివాడు. పదేళ్ల సర్వీసు నిండనివాళ్ల రాజీనామాలు మూడేళ్లపాటు ఆమోదించరు. నిన్న సాయంత్రం దాకా ఇన్‌వర్డ్ నంబరు పడినవాటికే మినహాయింపు. లేదంటే పనిచేసే ఆరోగ్యం లేదని మెడికల్ బోర్డు చెప్పాలి.

సొరుగు తీశాను. మూడో తారీకని తన చేత్తో గుండ్రంగా రాసింది. నంబరు వేశాను. 213. తేదీ ఆరు.

మార్చి 7, శుక్రవారం

పాత తేదీ వేద్దామనుకున్నాను. దాచడమెందుకు, నిజంగానే అనుకున్నాను. కానీ ఎక్కడ వేయను? నా రిజిస్టరులో ఒక్క గీత ఖాళీ ఉండదు. పదకొండేళ్లుగా అదే గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను, నా మొహం.

తప్పు నాదని, కాగితం మూడు రోజులు నా దగ్గరే ఉందని హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాను. ఇంట్లో చదివి వినిపిస్తే, నీ ఉద్యోగం పోతే ఆ అమ్మాయి ఉద్యోగం నీకిస్తారేమో కనుక్కో, అన్నాడు మా ఆయన. అయినా తీసుకెళ్లి సూపరింటెండెంట్ చేతిలో పెట్టాను. ఆయన అంతా చదివాడు. కళ్లజోడు తీశాడు. ఇది పంపితే ముందు పోయేది నువ్వేనమ్మా, ఆ అమ్మాయికి ఏమైనా ఒరుగుతుందో లేదో తెలీదు, అన్నాడు. ఒరిగినా ఒరగకపోయినా పంపండి సార్ అన్నాను. రెండు మూడు రోజులు ఆలోచించుకో, అని నా ఉత్తరాన్ని తన సొరుగులో పెట్టుకున్నాడు.

ఆయన మంచివాడు. ఎంత కోపం వచ్చిందో.

మార్చి 10, సోమవారం

తిరస్కరణ కాగితం నా చేత్తోనే ఇవ్వాల్సి వచ్చింది. నిలబడే చదువుకుంది. నేను పోయిన సోమవారమే ఇచ్చాను కదక్కా, ఇక్కడ ఆరో తారీకని ఉందేంటి, అంది.

పై ఆఫీసులో ఆలస్యమైంది అన్నాను. అవును, ఆ మాట నేనే అన్నాను.

నమ్మింది. పైగా నన్నే ఓదార్చింది. నువ్వేం చేస్తావులే అక్కా, నీ చేతిలో ఏముంది, అంది. వాళ్లక్క తనకోసం కిటికీ ఉన్న గది ఖాళీ చేయించి, గోడలకు ఏ రంగు వేయించనని అడుగుతోందట. ఏమీ వద్దని చెప్పాలి, అంది. రెండింటికి డ్యూటీ ఉందని వెళ్లిపోయింది.

మార్చి 12

మెడికల్ బోర్డుకు ఫోన్ చేశాను. ఆగస్టులో తేదీ ఇస్తామన్నారు. ఆగస్టులో బోర్డు కూర్చోవడం కాదు, తేదీ ఇవ్వడం.

మార్చి 14, శుక్రవారం

సూపరింటెండెంట్ పిలిచాడు. ఆలోచించుకున్నావా అమ్మా అన్నాడు. సొరుగు తీసి ఉత్తరం బల్లమీద పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పంపమంటే పంపేవాడే.

నాకు ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. మా ఆయన షాపు మూసేసి ఏడాదైంది. ఉత్తరం తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను. వేడి చల్లారడం అంటే ఇదన్నమాట. సిగ్గుగా ఉంది. సిగ్గు అని రాసుకుంటే అది తగ్గుతుందా, తగ్గదు.

మార్చి 19

క్యాంటీన్‌లో తను కనిపించింది. నా కుర్చీ పక్కకే వచ్చి కూర్చుంది. పక్క బల్లమీద ఎవరి ఫోనో మోగితే తన చేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఇద్దరం కలిసి తుడిచాం. అప్పుడైనా చెప్పాల్సింది. ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లలేదు.

మార్చి 24, సోమవారం. మధ్యాహ్నం 3.10

ఫోన్లోనైనా చెప్పేద్దామని మందుల షాపు ఫోన్ నుంచి అత్యవసర నంబరుకు చేశాను. చేయకూడదని తెలుసు. రెండుసార్లు వేరే గొంతు, పెట్టేశాను. మూడోసారి తనే. ఎక్కడున్నారు, ఏమైంది అని అడిగింది. రిసీవరు చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

భయపడకండి, మాట్లాడలేకపోతే పర్లేదు, నేను లైన్లోనే ఉంటాను, ఎక్కడికీ వెళ్లను, అంది.

ఆరు నిమిషాలు అలాగే ఉంది.