తలుపు మీది కాగితం

ట్రోయన్, మార్చి 4

ప్రియమైన అక్కా,

నువ్వు జనరల్ అయ్యావని ఊరంతా ఒకటే మాట. రొట్టెల కొట్టు స్తోయన్ అడిగాడు, "అంతమంది మగాళ్ళు సెల్యూట్ కొడుతుంటే మీ అక్కకి నవ్వు రాదా?" అని. "ముప్పై రెండేళ్ళు ఆపుకుంది. ఇప్పుడు మర్చిపోయుంటుంది" అన్నాను.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. సరిహద్దు అవతల మందుపాతరలు తీయడానికి వెళ్ళే దళంలో మా యావోర్ పేరుందట. జాబితా మీద సంతకం నీదేనట. వాళ్ళ నాన్న పోయాక నాకు వాడొక్కడే. ఆ పేరు తీసెయ్, అక్కా. ఇంతవరకు నిన్ను ఏదీ అడగలేదు.

నీ పెన్కా

సోఫియా, మార్చి 15

ప్రియమైన పెన్కా,

ఒక పేరు కొట్టేస్తే అక్కడ ఇంకొకడి పేరు రాయాలి. వాడికీ అమ్మ ఉంటుంది. ఇలా అడిగిన తల్లులు చాలామంది. "ఆడదానివి, నీకు తెలియదా?" అనేవారు. తెలుసు కనకే ఎవరి పేరూ తీయలేదు.

కోపం తెచ్చుకో, పరవాలేదు. నువ్వు పంపిన రేగుపళ్ళ జామ్ అందింది.

మీ అక్క స్నెజానా

ట్రోయన్, ఏప్రిల్ 20

ప్రియమైన అక్కా,

యావోర్ సెలవు మీద వచ్చాడు! ఆఖరి రోజున వాణ్ణి సామాను గదికి మార్చారట. "పెద్దమ్మ సైన్యంలో నేను దుప్పట్లు మడతపెడుతున్నానమ్మా" అని గుర్రుగా ఉన్నాడు. ఉండనీ. లేదని రాసి ఇంత పని చేశావా! గుడిలో నీ పేర కొవ్వొత్తి వెలిగించాను.

నీ పెన్కా

సోఫియా, జూన్ 2

పెన్కా,

యావోర్ బదులు వెళ్ళినవాడి పేరు గలిన్. ఇరవై రెండేళ్ళు. మే ఇరవయ్యో తేదీన మందుపాతర పేలి పోయాడు.

కబురు నేనే తీసుకెళ్ళాను. వాళ్ళమ్మ వసిల్కా తలుపు తీసి, నా యూనిఫాం చూసి, ఒక్కటే అడిగింది: "మావాడి పేరు జాబితాలో లేదన్నాడే?"

రాజీనామా ఇచ్చాను. కారణం ఉన్నదున్నట్టు రాశాను: చెల్లెలి కొడుకు పేరు నేనే కొట్టేశానని. "ఆడదాన్ని జనరల్ చేస్తే ఇంతే" అని అప్పుడే అంటున్నారు. నా వెనక వచ్చే అమ్మాయిలకి తలుపు మూసినదాన్ని నేనే.

స్నెజానా

ట్రోయన్, జూలై 3

ప్రియమైన అక్కా,

గలిన్ పోయిన నలభయ్యో రోజున, పోయినవాళ్ళ పేర పంచే ఉడికించిన గోధుమలు పట్టుకుని వసిల్కా ఊరు వెళ్ళాను. చావు జరిగిన ఇళ్ళకి అంటించే కాగితం, గలిన్ ఫొటోతో, తలుపు మీద ఉంది. పేరు తీసెయ్యమని నిన్ను అడిగింది నేనేనని చెప్పాను. ఆమె అరవలేదు. లోపలికి వెళ్ళి అలాంటిదే ఇంకో కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ తలుపుకీ అంటించుకో" అంది.

అంటించాను. "ఈ అబ్బాయి మీకేమవుతాడు?" అని దారిన పోయేవాళ్ళు అడుగుతున్నారు.

యావోర్ సెలవు మీద వచ్చి దాన్ని చూశాడు. అంతా చెప్పాను. మర్నాడే వెళ్ళి, తర్వాతి దళంలో తన పేరు తనే రాయించుకున్నాడు. ఈసారి నేను ఎవర్నీ అడగలేదు.

కాగితం అడుగున, దుఃఖిస్తున్నవాళ్ళ పేర్ల దగ్గర కాస్త చోటుంది. మనిద్దరి పేర్లూ రాశాను. నీ పేరు ముందు జనరల్ అని రాయలేదు.

నీ పెన్కా