మా అన్నయ్య కొనిపించని షేర్లు

పెద్దాసుపత్రి ఎదుటి మందుల దుకాణంలో ముప్పై ఏళ్ళు బిల్లు కౌంటరు నడిపి మానుకున్నదాన్ని, లిఫ్టు మెకానిక్ భార్యను, ఒక్క కూతురికి తల్లిని, అరవై ఎనిమిదేళ్ళు నిండినదాన్ని అయిన నేను, పూర్తి తెలివితో, స్థిరమైన మనసుతో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్ళు తప్ప అన్నీ సవ్యంగా ఉన్నాయని డాక్టరుగారు నిన్ననే సర్టిఫికెట్ ఇచ్చారు. కోపంగా ఉన్న మనిషి రాసిన వీలునామా చెల్లుతుందా అని ఆయన్నే అడిగాను. "కోపం ఉంటే మతి లేనట్టు కాదమ్మా, రాసుకోండి" అన్నారు. కాబట్టి కోపంతోనే రాస్తున్నాను. ఇంతకుముందు నేను రాసినట్టు ఎవరైనా ఏ కాగితమైనా చూపిస్తే, అది చెల్లదు.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత, మా దుకాణంలో గోదాము చూసిన నా స్నేహితురాలికి అప్పగిస్తున్నాను. పాతికేళ్ళలో ఒక్క మందు సీసా లెక్క తప్పనివ్వని మనిషి. ఆడిట్ ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసిన సొంత అన్నయ్య ఉండగా బయటి మనిషి ఎందుకని బంధువులు అడుగుతారు. నాలుగో అంశం దాకా ఓపిక పట్టమనండి.

2. నా ఆస్తి ఇది: మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, చిత్తుకాగితాల పాటి కూడా చేయని బట్టల మిల్లు షేర్లు, మందుల దుకాణాలకూ ఆసుపత్రులకూ బిల్లుల ప్రోగ్రాం తయారుచేసే కంప్యూటర్ కంపెనీ షేర్లు. గత పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ మూడోదాని మీద.

3. ఆ షేర్లు నేను ఎలా కొన్నానో చెప్పాలి, ఎందుకంటే వేరే కథ ప్రచారంలో ఉంది. మా దుకాణానికి కంప్యూటర్ వచ్చిన కొత్తల్లో ఆ ప్రోగ్రామును తిట్టని రోజు లేదు. కానీ ఏటా రుసుము కట్టాల్సిన రోజు మా యజమాని ముఖం చూసేదాన్ని. కరెంటు బిల్లు ఆలస్యం చేసేవాడు. అద్దె ఆలస్యం చేసేవాడు. మా జీతాల సంగతి ఇక సరేసరి. ప్రోగ్రాం రుసుము మాత్రం గడువుకు రెండు రోజుల ముందే కట్టేవాడు. "కట్టకపోతే రేపు పొద్దున షట్టరు ఎత్తలేనమ్మా" అన్నాడు ఒకసారి. వీధిలో ఉన్న ఆరు మందుల దుకాణాలదీ అదే పరిస్థితి. ఏడాదికోసారి అందరి దగ్గరా తప్పకుండా డబ్బు వసూలు చేసే కంపెనీ ఏదో ఒక రోజు పంచుతుంది కదా అనుకున్నాను. నా జీతంలో మిగిల్చుకుని, కొద్దికొద్దిగా ఆ షేర్లు కొన్నాను. సలహా ఎవరూ ఇవ్వలేదు. అడగలేదు కూడా.

4. మా అన్నయ్య గురించి. మావారు పనిలో ఉండగా పోయినప్పుడు వచ్చిన పరిహారాన్ని అన్నయ్యే తీసుకెళ్ళి బట్టల మిల్లు షేర్లలో పెట్టాడు. ఏటేటా పెరిగే డివిడెండ్ వచ్చే షేర్లు ఉంటే ఒంటరి ఆడదానికి చింత ఉండదన్నాడు. మాట మంచిదే. పదకొండేళ్ళు నిజంగానే పెరిగింది. ఆ తర్వాత ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, బల్ల మీద కంప్యూటర్ కంపెనీ వార్షిక నివేదిక చూశాడు. "ఎన్నాళ్ళైంది కొని?" అన్నాడు. ఆరేళ్ళన్నాను. "ఎంతిచ్చింది డివిడెండ్?" ఏమీ ఇవ్వలేదన్నాను. "మరి దీన్ని పెట్టుబడి అని ఎవరన్నారు నీతో? కంప్యూటర్ కంపెనీలు ఇవాళ ఉంటాయి, రేపు బోర్డు తిప్పేస్తాయి. నీకు కావాల్సింది ఏటా చేతికొచ్చే డబ్బు" అన్నాడు. మరుసటి ఆదివారం అమ్మకం కాగితాలు తనే తెచ్చి, పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టాడు. బలవంతంగా నా షేర్లలో మూడింట రెండు వంతులు అమ్మించి, ఆ డబ్బు కూడా మిల్లులోనే పోయించాడు. సంతకం నాదే. కాదనను. మిగిలిన మూడో వంతు ఉన్నట్టు చెప్పలేదు కాబట్టి బతికిపోయింది.

ఎనిమిది నెలలు తిరిగేసరికి మిల్లు డివిడెండ్ ఆపేసింది. నాలుగేళ్ళుగా అది పంచింది లాభం కాదు, అప్పు. బట్ట అమ్ముడుపోక, మంచి పేరు పోగొట్టుకోలేక, అప్పు తెచ్చి మాకు పంచారు. ఏటేటా పెరిగిందని మేమంతా మురిసిపోయాం. నివేదికలో ముప్పై ఎనిమిదో పేజీలో సన్న అక్షరాల్లో అంతా ఉంది. ఊళ్ళోవాళ్ళ లెక్కలన్నీ తనిఖీ చేసిన మా అన్నయ్య ఆ పేజీ తిప్పలేదు.

అప్పుడు నా కూతురు ఫార్మసీ కాలేజీలో రెండో ఏడు. మిల్లు షేర్లు కొనే నాథుడు లేడు. దాచిన వంతు ధర కూడా ఆ ఏడు సగానికి పడింది, అమ్మితే ఒక్క టర్ముకు చాలదు. పిల్ల పుస్తకాలు అట్టపెట్టెలో సర్దేసి, కళ్ళద్దాల దుకాణంలో కౌంటరు ఉద్యోగంలో చేరింది. పందొమ్మిదేళ్ళు దానికి. మొదటి రోజు దుకాణం వాళ్ళిచ్చిన నీలం కోటు వేసుకుని, అద్దంలో చూసుకుని, "ఫార్మసిస్టులా లేనూ?" అంది. ఆ మాటకు నేను ఇప్పటికీ ఎవరినీ క్షమించలేదు. నన్ను కూడా.

5. ఇంకో రెండేళ్ళకు కంప్యూటర్ కంపెనీ మొదటి డివిడెండ్ ప్రకటించింది. చాలా కొద్ది. మరుసటి ఏడు ఇంకొంచెం. అలా పద్దెనిమిదేళ్ళుగా ఒక్క ఏడు కూడా తగ్గలేదు. అందుకు నాకు సంతోషమే. నా ఒళ్ళు మండేది వేరే విషయానికి. బంధువుల ఇళ్ళలో ఎక్కడ భోజనానికి కూర్చున్నా, మా అన్నయ్య గిన్నె దగ్గరికి జరుపుకుంటూ, "మా చెల్లెలికి ఆ షేర్లు నేనే కొనిపించాను. టెక్నాలజీలో కూడా డివిడెండ్ చూసుకుని కొనాలని అప్పుడే చెప్పాను" అంటాడు. నా ఎదురుగానే! ఒకసారి నేను వడ్డిస్తున్నాను. గరిటె ఆగిపోయింది. అందరి ముందూ అన్నయ్య పరువు తీయలేక మళ్ళీ వడ్డించాను. పద్దెనిమిదేళ్ళు వడ్డించాను. చాలు. ఆ షేర్లు కొన్నది నేను. ఇది అధికారికంగా నమోదు కావాలి.

6. ఇల్లు, కంప్యూటర్ కంపెనీ షేర్లలో అత్యధిక భాగం (ఏడు, తొమ్మిది అంశాల్లో చెప్పినవి పోగా) నా కూతురికి. మొదటి నాలుగేళ్ళ డివిడెండ్‌తో అది ఫార్మసీ చదువు పూర్తి చేయాలని నా కోరిక. షరతు కాదు. "ముప్పై తొమ్మిదేళ్ళకు కాలేజీ ఏంటమ్మా, పిల్లలు నవ్వుతారు" అంటుంది. నవ్వనీ. కౌంటరు అవతల నిలబడి చీటీ చదివేటప్పుడు చేతిలో డిగ్రీ ఉంటే ఆ నిలబడటమే వేరు. ముప్పై ఏళ్ళు అది లేకుండా నిలబడ్డదాన్ని, నాకు తెలుసు.

7. మా మేనల్లుడికి, అంటే అన్నయ్య కొడుక్కి, పది షేర్లు, నా వార్షిక నివేదికలన్నీ, వాటితో పాటు భూతద్దం. తండ్రి ఒక కొసకు పోతే కొడుకు ఇంకో కొసకు పోయాడు. "అత్తా, డివిడెండ్ ఇచ్చే కంపెనీ అంటే ముసలైపోయినట్టు" అని, పుట్టి రెండేళ్ళు కాని, రూపాయి లాభం చూడని టెక్నాలజీ కంపెనీల్లో జీతమంతా పోస్తున్నాడు. ఏటేటా పెరిగే ఆదాయం కావాలనుకునేవాళ్ళకు టెక్నాలజీ షేర్లు సరిపోతాయా అని తండ్రీకొడుకులు అరుచుకుంటుంటే వినలేక చస్తున్నాను. ఒరేయ్, విను. కొన్ని సరిపోతాయి, చాలావాటికి ఆ ఓపిక లేదు. కొనేవాడు ఏటా తిరిగొచ్చి కట్టాల్సిన వస్తువై ఉండాలి. పంచే డబ్బు సంపాదించిందై ఉండాలి, అప్పు తెచ్చింది కాకూడదు. లాభంలో సగానికి మించి పంచుతుంటే అనుమానించు, రేపు పెంచడానికి ఏమీ మిగలదు. ఎంత మంచిదైనా అంతా ఒక్కదాంట్లో పోయకు. యంత్రాలు మారతాయి. మా బిల్లు కౌంటరులోనే మూడు రకాలు మారాయి. ఆఖరిది: సన్న అక్షరాలు చదువు. భూతద్దం అందుకే.

8. మా దుకాణం యజమానికి, ముప్పై ఏళ్ళు మార్చని నా కుర్చీ నుంచి ఊడిన చక్రం. భద్రంగా దాచాను. నా సొంత డబ్బుతో కొనుక్కున్న దూది మెత్త మాత్రం ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునే అమ్మాయికి. ఉతికిన గలీబు రెండో అరలో ఉంది.

9. మా అన్నయ్యకు ఇరవై షేర్లు. ఎందుకో కూడా రాస్తాను. మావారు పోయాక ఎనిమిదేళ్ళు, వానైనా ఎండైనా, నా కూతుర్ని బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఆయనే. ఒక్క రోజు దాని చెయ్యి వదల్లేదు. కోపం కోపమే, ఇది ఇదే.

అయితే సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు వీలునామాలో ఏమీ దక్కకూడదని వకీలు చెప్పారు. మొదటి సాక్షి స్థానం అన్నయ్య కోసమే ఖాళీగా ఉంచాను. రేపు పొద్దున ఈ కాగితాలు ఆయన ముందు పెట్టి, డాక్టరుగారిని కూర్చోబెట్టి, చదివేంతసేపూ నేను వంటింట్లో ఉంటాను. సంతకం పెట్టకుండా ఇరవై షేర్లు తీసుకోవచ్చు. నేనేమీ అనుకోను, పెన్షను చిన్నది. సంతకం పెడితే, ఇందులో ఉన్నది చదివాడని లోకానికి తెలుస్తుంది, ఆ ఇరవై నా కూతురికి చేరతాయి. ఏం చేస్తాడో ఈ వాక్యం రాసేటప్పటికి నాకు తెలియదు.

తేదీ: పదకొండో నెల, నాలుగు, మంగళవారం, ఉదయం పదిన్నర.

సంతకం: (ఇద్దరు సాక్షుల ఎదుట, నా చేత్తో) వీలునామాదారు

రెండో సాక్షి: పెద్దాసుపత్రి డాక్టరు. వీలునామాదారు నా ఎదుట సంతకం చేశారు. మతి స్థిమితంగా ఉంది.

మొదటి సాక్షి: వీలునామాదారు అన్నయ్యను. పూర్తిగా, రెండుసార్లు చదివాను. రాసిందంతా నిజమే. భాషే కొంచెం పరుషంగా ఉంది.