రెండు పెన్‌డ్రైవ్‌లకీ ఒకే పీచుతాడు

సుగుణా,

రేపు నీ జ్ఞాపకార్థ కూడిక. నీ పాట వినిపిద్దామంటే కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోంది. "మాస్టారండీ, ముందు ఓ ఖాళీ పెన్‌డ్రైవ్‌లో రికవరీ డ్రైవ్ చేసుకోండి, కంప్యూటర్ పూర్తిగా మొరాయిస్తే దాంతో బాగుచేసుకోవచ్చు" అన్నాడు అమలాపురం మెకానిక్. కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాను. నీ పాటలున్నదానికి నువ్వు కట్టినట్టే, ఎక్కడా పడిపోకుండా దీనికీ కొబ్బరి పీచుతాడు కట్టాను. బుద్ధితక్కువ పని!

పొద్దున్న రికవరీ డ్రైవ్ చేద్దామని రెండిట్లో ఒకటి కంప్యూటర్‌కి పెట్టాను. చివరి బటన్ నొక్కడమే తరువాయి. 'ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి' అని తెరమీద వచ్చింది. ఏది పెట్టానో గుర్తు రాలేదు. నీ పాటలు ఇంకెక్కడా లేవు. అంతా ఆపేసి, అందులో ఏముందో తెరిచి చూశాను.

నీ గొంతే. పాట ఎత్తుకునే ముందు, రికార్డు చేస్తున్న నన్నడుగుతున్నావు: "ఏవండీ, నొక్కేరా?"

లేదు సుగుణా, నొక్కలేదు.