రిసెప్షన్ తొట్టెలో పురుగు

2003 జులై 1, మంగళవారం

ఉదయం ఆరింటి నుంచి క్లాసులు. గొంతు పోయింది. ఇది చాలదన్నట్టు కాలేజీ రిసెప్షన్‌లో పెట్టిన ఉప్పునీటి అక్వేరియం కూడా నా నెత్తినే పడింది. డైరెక్టర్ రామకోటేశ్వరరావు గారు చెన్నై నుంచి ఆరు చేపలు, ఒక సముద్రపు రాయి తెప్పించారు. నుస్రత్ మేడమ్, జువాలజీ మీదే కదండీ, మీరే చూసుకోవాలి అన్నారు. పద్నాలుగేళ్ళుగా నేను చెప్తున్నది సుద్దముక్క జువాలజీ. ఆ మాట ఆయనకెలా చెప్పను?

జులై 3

ఒక చేప చచ్చింది.

జులై 5, సాయంత్రం

రెండోదీ పోయింది. అటెండర్ మరియదాసు పరుగెత్తుకొచ్చి, రాయిలో జెర్రి ఉందండీ, చేపల్ని అదే తింటోందండీ అన్నాడు. లైట్లు ఆపి చూశాం. జానెడు పొడవు, గులాబీ రంగు, రెండు పక్కలా తెల్లటి నూగు. ఏంటండీ అది అన్నాడు. తెలియదన్నాను.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక తట్టింది. అది నూగు కాదు, శూకాలు. పాలికీటా! అనెలిడా పాఠంలోదే, వానపాముకి సముద్రపు చుట్టం. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి భాగాలు రాయించే నేను, అది ఎదురుగా పాకుతుంటే గుర్తుపట్టలేకపోయాను. సిగ్గేసింది. బొమ్మలో అది కదలదు మరి.

జులై 7

బందరు రోడ్డు నెట్ సెంటర్‌లో గంట కూర్చున్నాను. పక్క క్యాబిన్‌లో కుర్రాళ్ళ చాటింగ్, నావి పురుగుల ఫొటోలు. మా పుస్తకంలో ఉండే నెరీస్ కాదు ఇది. బ్రిసిల్ వర్మ్. రాళ్ళ కన్నాల్లో దాక్కుని టికెట్ లేకుండా వచ్చేస్తుంది. బతికున్న చేప జోలికి పోదు. చచ్చినవీ, మిగిలిన మేతా తిని తొట్టె శుభ్రం చేస్తుంది. చేపల్ని చంపుతున్నది ఎక్కువై నీళ్ళలో కుళ్ళుతున్న మేత. ఎవరు వేస్తున్నారో నాకు తెలుసు. అడ్మిషన్‌కి ఎవరొచ్చినా డైరెక్టర్ గారు గుప్పెడు మేత వేసి చేపల ఆట చూపిస్తారు.

జులై 8

చెప్పాను. మేత తగ్గిద్దాం సార్, తప్పు పురుగుది కాదండీ అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. తప్పెవరిదైనా పురుగు పురుగేనండీ, ఆదివారం పేరెంట్స్ వస్తున్నారు, శనివారానికల్లా ఆ రాయి బ్లీచింగ్‌లో పడేయండి అన్నారు. పోనీ ఈలోపు లాంగ్ టర్మ్ పిల్లలకు పది నిమిషాలు చూపిస్తానన్నాను. అనెలిడాలో ఎంసెట్‌కి ఎన్ని బిట్లు వస్తాయండీ అని అడిగారు. ఒకటి. ఒక్కో ఏడు అదీ రాదు.

స్టాఫ్ రూమ్‌లో ఏడుపొచ్చింది. పురుగు కోసం ఏడ్చే వయసా నాది! కానీ ఒక్కసారైనా పిల్లలకు బతికున్నదాన్ని చూపించాలి. అంతే నాకు కావలసింది.

జులై 9

ఏడు క్లాసులు. కాళ్ళు వాచాయి.

జులై 10, గురువారం

స్టడీ అవర్‌లో కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు. డైరెక్టర్ గారు గుంటూరు వెళ్ళారు. ఎక్కడిదో ధైర్యం, లేవండమ్మా అన్నాను. అరవై మంది ఆడపిల్లలు గోడ పట్టుకుని మెట్లు దిగారు. తెల్లటి వెలుతురు పడితే అది దాక్కుంటుందని, రామతులసి ఎర్రచున్నీ టార్చికి చుట్టాం. పోయినేడు ర్యాంకు రాక మళ్ళీ రాస్తున్న పిల్ల. ఇన్నాళ్ళలో దాని గొంతే వినలేదు.

వచ్చింది. మెల్లగా, కాళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి కదుపుతూ వచ్చింది. అడుగున మిగిలిన మేత ముక్కను నోట కరుచుకుని లోపలికి లాక్కుపోయింది. ఎవరో అమ్మో అన్నారు. రామతులసి అద్దానికి ముక్కు ఆనించి, ఎంత బాగుందండీ అంది. ఎన్నేళ్ళయిందో నాకింత సంతోషం కలిగి.

జులై 12

అయిపోయింది. రాయి నేనే తీశాను.

జులై 14, సోమవారం

అనెలిడా. బొమ్మ వేస్తుంటే రామతులసి లేచి, అది ఏమైంది మేడమ్ అని అడిగింది.

చంపేశాం అన్నాను.

నేనేం చెప్పినా రాసుకునే పిల్లలు. ఇది ఎవరూ రాసుకోలేదు.